అక్క పేరు మీద

“మీ పేజీలో ఉన్నట్టే చేశానమ్మా, ఒక్క అక్షరం అటూ ఇటూ పోలేదు,” అని తాళాలాయన ఫోనులో అంటున్నప్పుడు ఆమె వంటగట్టు తుడుస్తోంది, ఆ మాట వినగానే చెయ్యి ఇంకాస్త హుషారుగా కదిలింది కూడా, ఎందుకంటే మాన్యువల్ పేజీలు రాసేవాళ్ళకి అంతకన్నా తియ్యటి మాట ఇంకోటి ఉండదు. రాసినట్టే చేశారట. ఈ లోకంలో రాసినట్టు చేసేవాళ్ళెవరు? ఇంట్లో ఆయనగారు వాషింగ్ మెషీనుతో వచ్చిన పుస్తకాన్ని కవరు కూడా చింపకుండా, ఊగుతున్న మెషీను కాలి కిందే ఎత్తుకి పెట్టారు, అదీ పుస్తకాల వాడకం. తాళాలాయన అలా కాదు. వేరే ఊళ్ళో, పేజీలన్నీ దాచిన మిషను ఉండే గదికి తాళాలు ఆయన దగ్గరుంటాయి, ఆ భవనంలో దీపాలూ నీళ్ళ పంపులూ చూసుకోవడం ఉద్యోగం, మిషను మాత్రం ఎవరో వదిలేసి వెళ్ళిన పిల్లిలాంటిది, అరిస్తే వెళ్ళి చూస్తాడు. పొద్దున అరిచిందట. అందులో డిస్కులు జతగా ఉంటాయి, ఒకదాని మీద రాసినది రెండోదాని మీదా రాసుకుంటుంది, ఒకటి పోయినా రెండోదానితో బండి నడుస్తుంది, ఆ జతలో ఒకటి పోయింది. అది పీకేసి, బీరువాలో కాగితం చుట్టి ఉన్న ఇంకో డిస్కు పెట్టి, పేజీ తెరిచి, అందులో ఉన్నట్టు రెండు డిస్కుల పేర్లూ వరుసగా టైపు చేసి కాపీ పెట్టాడట. “ఏది ముందు రాశారు?” అని ఆమె మామూలుగానే అడిగింది. “కొత్తగా వచ్చింది ముందండీ. వచ్చినవాళ్ళని ముందు పిలవాలి కదా. మీ పేజీలో ఎవరు ముందో లేదు మరి.” అప్పుడు ఆగింది చెయ్యి.

ముందు రాసిన దాంట్లోంచి వెనక రాసిన దాంట్లోకి పోతుంది కాపీ. వచ్చిన చుట్టాన్ని మర్యాదగా ముందు కూర్చోబెడితే, ఆ చుట్టం పెట్టెలో ఉన్నది ఇల్లంతా పరిచి, ఇంట్లో ఉన్నది ఉన్నట్టు తుడిచేస్తుంది. “ఆ కాగితం మీద ఏమైనా రాసుందా అండీ?” అంటే, “మీ అక్కగారి చేతిరాతమ్మా. పాతది, కటకటమంటుంది, పారేయొద్దు అని. కటకటమంటోంది కూడా, పాపం.” ఎంతవరకూ వచ్చింది అంటే పావు దాటింది అన్నాడు. ఆపండి అంటే, పెట్టడం వరకే నా చేతిలో ఉంది, తీయడం లేదు, అది మీ అక్కగారు చేసిన ఏర్పాటే కదా, వైరు పీకేయమంటారా అన్నాడు. వద్దు వద్దు, రాస్తుండగా పీకితే రెండూ పోతాయి, నేనే ఇక్కడి కంప్యూటరు నుంచి లోపలికొచ్చి ఆపుతాను అని ఫోను పెట్టేసి, తడిగుడ్డా ఫోనూ చేత్తోనే పట్టుకుని, మధ్య గది దాటి కంప్యూటరు గదిలోకి నడిచింది. సగం వరకూ ఫరవాలేదు. డిస్కులో మొదటి సగం ఎప్పుడో అమర్చిన సామాను, రెండింటిలోనూ ఒకటే, దాని మీద దాన్నే రాసినా పోయేదేమీ లేదు. సగం దాటాకే పేజీలు మొదలవుతాయి. అంటే ఇంకో పావు ఉంది చేతిలో, అది అరగంటో, ఇంకా తక్కువో, ముసలి డిస్కు ఓపికని బట్టి.

ఏది ముందో చెప్పే ఆ వాక్యం ఎక్కడికి పోయిందో ఆమెకి తెలుసు. తనే తీసింది. డిస్కుల జత గురించి అక్క రాసిన పేజీ ఒకటే ఉండేది, అటకలాంటిది, అందులో లేనిది లేదు: పరికరం ఏమిటి, కమాండ్లు ఏమిటి, నిర్వాహకులు చేయవలసినదేమిటి, మధ్యలో హఠాత్తుగా, ముందు పేరులోంచి వెనక పేరులోకి, రెండుసార్లు చూసుకో, పోయింది పోయినట్టే, అని. సర్దకపోతే తోచని చేతులు ఈమెవి. పరికరాలు పరికరాల వరసలో, కమాండ్లు కమాండ్ల వరసలో, ఒక్క పేజీని మూడు చేసి, ఏది ముందో ఏది వెనకో అన్నది పరికరం స్వభావం కనక దాన్ని పరికరం పేజీకి పంపి, కమాండు పేజీ అడుగున “ఇవి కూడా చూడండి” అని చక్కగా దాని పేరు పెట్టింది. ఎంత ముచ్చటగా ఉందో ఆ పేజీ! కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి డబ్బాలన్నీ ఎత్తు వారీగా సర్దినప్పుడు కూడా ఇంత ముచ్చటగానే ఉంది, ఆ సాయంత్రం టీలో ఉప్పు పడేదాకా. అత్తగారు ఆ టీ మారు మాట్లాడకుండా పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి, “అందంగా సర్దావమ్మా,” అంది. అక్క అయితే అలా ఊరుకునే రకం కాదు. బతికుండగా ఒకసారి ఈ పేజీ విడగొడదామే అంటే, “చేతులు వణుకుతున్నప్పుడు ఎవడే రెండో పేజీ తిప్పేది? నీ అడుగున పెట్టే చీటీలు తీరిగ్గా ఉన్నవాళ్ళకి,” అంది. తరువాత అక్క లేదు. ఇంక అడ్డు చెప్పేవాళ్ళు లేరు, సర్దుకుంది.

స్క్రీను మీద తన పేరు టైపు చేసింది, పాస్‌వర్డు కొట్టింది. తప్పు అంది మిషను. తడిచేతులు కదా అని చెంగుకి తుడుచుకుని మళ్ళీ కొట్టింది. తప్పు. మూడోసారి అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ కొడుతుండగా అర్థమైంది, అర్థమయ్యాక కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది, ఎవరో మరీ దగ్గరగా వచ్చి మాట్లాడితే జరిగినట్టు. తప్పు పాస్‌వర్డుది కాదు. కాపీ పెట్టగానే మిషను ఒకసారి ఆగి, బీరువాలోంచి వచ్చిన పాత డిస్కు మీద లేచింది. ఆ డిస్కు జతలోంచి బయటికి వచ్చిన రోజే అక్కడ ఇవాళ. ఆ రోజున అక్క ఉంది, ఈమె లేదు. ఈమె పేరుతో అక్కడ మనిషే లేదు, అక్క పోయాక కదా ఆ మిషను ఈమె చేతికి వచ్చింది. నువ్వెవరో నాకు తెలియదు పొమ్మంటోంది, సొంత పుట్టింటి గుమ్మంలో పనిమనిషి ఆపినట్టు. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో నిచ్చెన ఈడ్చుకుపోతున్న చప్పుడు, ఎండలో, నిదానంగా. పక్కవాటాలో పాప ఏదో పాఠం గట్టిగా బట్టీ పడుతోంది, పట్టపగలు, అంతా మామూలే, ఈ ఒక్క స్క్రీనులో తప్ప.

ఇంకో దారి ఉంది. ఉందని ఆమెకే బాగా తెలుసు, ఎందుకంటే ఆ దారి గురించి ఉన్న పేజీని కిందటేడు ఆమే తీసి పారేసింది. నమ్మిన మిషన్ల నుంచి లాగిన్ అని ఒక పాతకాలపు మర్యాద. ఫలానా మిషను నుంచి ఫలానా పేరుతో వస్తే ఏమీ అడక్కుండా లోపలికి రానివ్వు, ఆ ఇంటివాళ్ళు మనవాళ్ళే, అని ఒక్క వరస రాసి పెడితే చాలు. వచ్చింది వాళ్ళేనా అని చూడదు, వచ్చిన ఇల్లు చూస్తుంది, చెప్పిన పేరు వింటుంది, తలుపు తీస్తుంది. ఈ రోజుల్లో ఇంత నమ్మకం పనికిరాదని పేజీ తీసేసింది, మిషను మీద ఆ వరసలో ఉన్న ఒకే ఒక్క పేరు, అక్క పేరు, దాన్నీ తనే చెరిపేసింది, అక్క ఖాతా మూసేసింది, చెరిపాక చేతులు కడుక్కుని వచ్చింది కూడా, ఎందుకో. కానీ అదంతా కిందటేడు. అక్కడ ఇంకా కిందటేడు రాలేదు. ఇక ఈ కంప్యూటరు అక్కదే, బావ తెచ్చి ఇచ్చి, “దీన్ని నేనేం చేసుకోను,” అని గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు, దాని పేరు మార్చడానికి ఈమెకి మనసొప్పలేదు. నమ్మిన ఇల్లు ఇదే. చెప్పవలసింది పేరొక్కటే.

చెప్పడం కొత్త కూడా కాదు. ఇద్దరి గొంతులూ ఒకటే, అమ్మే పోల్చుకోలేకపోయేది, వెనక నుంచి పిలిస్తే “పెద్దదానివా చిన్నదానివా?” అని అడిగి మరీ తిట్టేది, తిట్లు మారిపోకూడదని. బావ అప్పటికింకా బావ కాడు, సైకిలు మీద వచ్చే పొడుగాటి ఆసామీ, ఫోను చేస్తే ఈమె తీసి, “నేనే, చెప్పు,” అనేది. నేనే అన్నది అబద్ధం ఎలా అవుతుంది, ఎవరైనా నేనే కదా. ఆయన సినిమా హాలు దగ్గర ఎన్ని గంటలకి నిలబడాలో అడిగితే ఒకసారి రెండు గంటలు ముందు చెప్పింది, ఎండలో నిలబడి మాడిపోయి వచ్చాడు, అక్క నెలరోజులు మాట్లాడలేదు, పెళ్ళయ్యాక ఆ ముచ్చటే అందరికీ నవ్వుతూ చెప్పేది. అక్క పోయిన కొన్నాళ్ళకి బావ ఏదో పనిమీద ఫోను చేశాడు. ఈమె “హలో” అంది. అటు నుంచి ఊపిరి వినపడింది, చాలాసేపు. “నేను బావా, చిన్నదాన్ని,” అనాలని నోటిదాకా వచ్చింది, అనలేదు, అంటే ఎవరో గదిలోంచి లేచి వెళ్ళిపోతారనిపించింది. ఆయనే పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు, అవసరమైతే కొడుకు చేత చేయిస్తాడు.

అక్క పేరు టైపు చేసింది. మిషను ఏమీ అడగలేదు. ఒక్క క్షణం కూడా ఆగకుండా తలుపు తీసింది, కిందటిసారి నువ్వు వచ్చింది నిన్న సాయంత్రం అని మర్యాదగా చెప్పింది, మెడ వెనక ఎవరో చల్లటి గ్లాసు పెట్టినట్టయింది ఆమెకి. నిన్న సాయంత్రం! నిన్న సాయంత్రం అక్క ఇదే కంప్యూటరు ముందు, తన కుర్చీలో, బహుశా కాలు మడిచి పైన పెట్టుకుని, పెన్సిలు కొరుకుతూ, లోపలికి వెళ్ళి వచ్చింది. ఇవాళ మళ్ళీ వచ్చింది. మిషనుకి అంతే తెలుసు. ఈ మధ్యలో ఆసుపత్రి లేదు, తెల్లటి పరదాలు లేవు, బావ చేతిలో చెప్పుల జత ఒకటి పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక వరండాలో నిలబడటం లేదు. ఎవరెవరు లోపల ఉన్నారో చూపించే కమాండు ఉంటుంది, అలవాటుగా కొట్టింది, ఒకటే పేరు వచ్చింది, అక్కది, ఈ ఇంటి నుంచి, ఇప్పుడే, చేతులు ఖాళీగా లేవు అని. తన చేతుల వంక చూసుకుంది. ఉంగరపు వేలు మీద సబ్బు నురగ ఆరి తెల్లగా ఉంది. తనవే.

కాపీ సగానికి దగ్గరపడుతోంది. ఆపే కమాండు టైపు చేసింది, నొక్కలేదు, నొక్కే ముందు ఒక్కసారి, ఒక్కసారే, మిషనులో అక్క దాచుకున్న చోట ఏముందో చూద్దామనిపించింది, మనిషి ఊరెళ్ళినప్పుడు అల్మారా తెరిచినట్టు. పేర్లు మెల్లగా ఒకటొకటే దిగాయి, డిస్కు ఆయాసపడుతోంది. పేజీల చిత్తుప్రతులు, కరెంటు బిల్లుల లెక్కలు, “తిట్లు” అని ఒకటి, అందులో ఎవరిని తిట్టేదో దేవుడికెరుక. చివరలో “బుడ్డి” అని ఒక ఫోల్డరు. బుడ్డి అంటే తను. ఆ పేరుతో పిలిచే నోరు భూమ్మీద ఒకటే ఉండేది. చేతులు వాటంతటవే దాన్ని తెరవబోయాయి, స్క్రీను బిగుసుకుపోయింది, చాలాసేపు ఏమీ రాలేదు, తరువాత వచ్చిన మాటలు తెరవమని అడిగిన ఫోల్డరువి కావు. స్క్రీను మధ్యలో ఒక వరస మెరిసింది: లే. నీళ్ళు తాగు. చెల్లెలికి ఫోను చెయ్యి. అదే నిమిషంలో పక్కనున్న ఫోను మోగింది.

మోగుతూనే ఉంది. రోజూ మధ్యాహ్నం ఈ వేళకే మోగేది, అక్క చేసేది, “ఏం చేస్తున్నావే?” అని మొదలెట్టి తను చేస్తున్నదంతా చెప్పి పెట్టేసేది. ఏళ్ళ తరబడి ఒక్కరోజు తప్పకుండా గుర్తుపెట్టుకుని చేస్తుందని ఎంత గర్వం ఈమెకి, తోడికోడళ్ళ ముందు ఎన్నిసార్లు చెప్పుకుంది! గుర్తుపెట్టుకున్నది మిషనన్నమాట. నీళ్ళ తరువాత, చెల్లెలు. నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళూ మసకబారాయి, ఎందుకంటే ఎవరినైనా తిట్టడానికి, ఎవడి తప్పయినా పట్టడానికి ఏ గుర్తూ అక్కరలేని మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం మరిచిపోతానేమోనని భయపడింది. ఫోను తీసింది. “హలో,” అంది. ఆ హలో తన చెవికే అక్కలా వినిపించింది. అటు నుంచి ఊపిరి. తరువాత తాళాలాయన, “అమ్మా... మీరేనా?” అన్నాడు సందేహంగా. “నేనే, చెప్పండి.” “కటకట ఎక్కువైందమ్మా. ముట్టుకుంటే కాలుతోంది. ఇదింక రెండోసారి తిరగదు, ఈ ఒక్కసారికే బతికినట్టుంది. ఆపితే ఆపినట్టే పోతుంది.”

అంటే అక్కడికొచ్చింది లెక్క. కాపీ పూర్తి కానిస్తే ఆ ఫోల్డరు రెండో డిస్కు మీదికి దిగుతుంది, పదిలంగా, తీరిగ్గా తెరుచుకోవచ్చు. దిగేచోట ప్రస్తుతం ఉన్నది నాలుగేళ్ళ పని. తనది మాత్రమే అయితే పీడా పోయె, మళ్ళీ సర్దుకునేది, సర్దడం తనకి రోగమే. కానీ అందులో టైపిస్టు పిన్ని ఉంది. పిన్ని వరస మాత్రమే, ముఖం చూసింది లేదు, ఎక్కడో ఊళ్ళో రిటైరైన టైపిస్టు, చూపు పోయింది, పేజీలని కంప్యూటరు చదివి వినిపిస్తుంటే వింటుంది. కంటికి ముచ్చటగా ఉన్న పేజీ చెవికి గోలగా ఉంటుందని ఈమెకి చెప్పింది ఆవిడే. “నువ్వు కామా పెట్టినచోట నేను ఊపిరి తీసుకుంటానమ్మాయ్, కాస్త చూసి పెట్టు,” అంది మొదటిసారి ఫోనులో. ఆ తరువాత ఒక్కొక్క పేజీ విని, ఆగి, వేళ్ళతో తడుముకుంటూ దిద్దింది, చెవితో చదివేవాళ్ళందరి కోసం. మొన్ననే, “ఇంక ఎస్ అక్షరం దాకా వచ్చాను, జెడ్ చూసి పోతాను,” అని నవ్వింది. ఆవిడకి మళ్ళీ ఏ నుంచి మొదలుపెట్టమని ఎవరు చెప్తారు? ఇంకెక్కడా నకలు లేదు. జత డిస్కులున్నాయి కదా, ఒకదానికొకటి ఉంటుంది కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఒకదాని మీద తుడిస్తే రెండోదాని మీదా తుడిచేస్తుందని ఎవరికి తట్టింది? అద్దం ముందు బొట్టు చెరుపుకుంటే అద్దంలోదాని బొట్టు మిగులుతుందా?

ఫోల్డరు ఇంకా తెరుచుకోలేదు. గీత మెరుస్తూ ఆరుతూ ఉంది. అందులో ఏమున్నా ఉండొచ్చు. విడగొట్టిన మూడు పేజీల చిత్తు ఉండొచ్చు, పోనీలే చిన్నది అడిగింది కదా అని. ఈమె వాక్యాల్లో తప్పులన్నీ ఏరి దాచిన మూట ఉండొచ్చు, అదే ఎక్కువ నమ్మదగ్గ సంగతి. ఏమీ లేకపోనూ వచ్చు, పేరు పెట్టి లోపల పెట్టడం మరిచిపోయి ఉండొచ్చు. ఒక్క పది నిమిషాలు. పిన్ని పేజీలు కొన్ని పోతాయి, అన్నీ పోవు కదా, ఏ నుంచి డి దాకా అనుకో, అంతే కదా, అని లోపల ఎవరో చాలా తెలివిగా మాట్లాడుతున్నారు, ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి ప్రయత్నించింది, పెద్దదానిదా చిన్నదానిదా, చిన్నదానిదే, ఉప్పూ పంచదారా మార్చినదానిదే. అక్క అయితే ఇంతసేపు కూర్చోదు. అక్క అయితే ఈపాటికి నొక్కేసి, నీళ్ళు తాగి, చెల్లెలికి ఫోను చేసి తిట్టేది. ఆపే అధికారం ఎలాగూ అక్కదే, ఈమెకి అక్కడ ఉనికే లేదు. అక్క పేరు మీద కూర్చున్నప్పుడు అక్క చేసేదే చేయాలి, లేకపోతే అది మరీ అన్యాయం. అక్క వేలు ఎలా పడేదో అలా, పైనుంచి కొట్టినట్టు, ఠక్కున నొక్కింది.

ఆగింది. ఒక్క వరస వచ్చింది, ఆపినవారు అని అక్క పేరు. తరువాత ఏమీ లేదు, స్క్రీను నల్లబడింది, నలుపులో తన ముఖం, వెనక కిటికీ, కిటికీలో ఎండ. లేచి వంటింట్లోకి వెళ్ళి తాళాలాయనకి ఫోను చేసి, పాతది తీసేయండి, మనదొక్కటే ఉంచి మిషను లేపండి అంది. అటు చప్పుళ్ళు వింటూ గ్లాసులో నీళ్ళు పోసుకుని నిలబడింది. “తీశానమ్మా. తిరగడం మానేసింది. ఇంకా వెచ్చగా ఉంది,” అన్నాడు, ఏదో పిట్టని పట్టుకున్న మనిషిలా. ఎక్కడ పెట్టనూ అంటే, ఆ కాగితంలోనే చుట్టి పెట్టండి అంది. మిషను లేచింది. పేజీలున్నాయి, టైపిస్టమ్మగారి పేరుతో ఉన్నవీ ఉన్నాయి, ఏ దగ్గర్నుంచీ ఉన్నాయి, మీ పేరు ఉంది, నాలుగేళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయమ్మా అని ఆయన చదువుతూ పోతుంటే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

“సరేనమ్మా, మీరు పని చూసుకుంటున్నట్టున్నారు, ఉంటాను మరి.”

“నేనెక్కడ పని చూసుకుంటున్నానండీ, వంటింట్లో ఉన్నాను.”

“లోపల లేరా?”

“లేను.”

అటు కీబోర్డు చప్పుడు, ఒక వేలితో. “ఎవరో ఉన్నట్టు చూపిస్తోందమ్మా. మీ అక్కగారి పేరు.”

పాత పేరు ఏదో చెరగకుండా ఉండిపోయి ఉంటుందండీ, తలుపు సరిగా వేయకపోతే అలా ఉండిపోతుంది, అనబోయింది. కానీ మిషను ఆగి లేచింది. ఇప్పుడు లేచిన డిస్కులో అక్క పేరు లేదు, ఖాతా లేదు, వరస లేదు, తలుపే లేదు. “ఖాళీగా ఉన్నట్టు ఉందా?” అంది.

“లేదండీ. ఏదో టైపు చేస్తున్నట్టే ఉంది. ఆపకుండా.”

“ఎక్కడి నుంచి?”

“మీ ఇంట్లోంచేనమ్మా.”

వంటింటి గుమ్మంలోంచి చూస్తే మధ్య గది, దాని అవతల కంప్యూటరు గది తలుపు, ఓరగా. కుర్చీ వీపు కొంచెం కనపడుతోంది. నీళ్ళ గ్లాసు చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టింది. పక్కవాటాలో పాప పాఠం ఆపేసినట్టుంది, లేకపోతే ఈ ఠకఠక వినపడేది కాదు, పైనుంచి కొట్టినట్టు పడుతున్న వేళ్ళది.

“అమ్మా, వింటున్నారా? బయటికి తోసేయడానికి కమాండు ఉంది కదా, అది నా చేతిలోనే ఉంది. తోసేయనా?”

“వద్దండీ,” అంది ఆమె గొంతు బాగా తగ్గించి. “పనిలో ఉన్నప్పుడు కదిలిస్తే అక్కకి కోపం.”